పట్టు కథకు ఊ కొడదాం

ఐన్ ఖాలిద్ (ఖతార్) నుంచి

ఖతార్‌లో పేటల పేర్లు వింటేనే ఎడారిలో నీటి విలువ ఏమిటో తెలిసిపోతుంది. 'ఐన్' అంటే అరబ్బీలో ఊట, నీటిబుగ్గ. దోహా నగరానికి నైరుతి వైపు, సల్వా రోడ్డుకూ ఇండస్ట్రియల్ ఏరియాకూ దగ్గర్లో ఉన్న మా ఐన్ ఖాలిద్ కూడా అలా నీటి పేరు మోస్తున్నదే. ఇప్పుడిక్కడ కనిపించేవి ప్రహరీ గోడల వెనక విల్లాలు, కాంపౌండ్లు, సూపర్ మార్కెట్లు, కరక్ చాయ్ కొట్లు. ఊట ఎక్కడుందో మాకు కనిపించలేదు గానీ, ఊరే మాటలకు మాత్రం లోటు లేదు. సాయంత్రం పూట ఒక్క వీధి తిరిగొస్తే చాలు... అరబ్బీ, మలయాళం, ఉర్దూ, తగలోగ్, అప్పుడప్పుడు మన తెలుగు. వీటి మధ్య మేం మొదట్లో గుర్తుపట్టలేకపోయిన భాష ఒకటుండేది. అది సోమాలీ.

కొన్నేళ్ల క్రితం మా పక్క వాటాలో ఒక సోమాలీ కుటుంబం ఉండేది. ఆ ఇంట్లో ఒక పెద్దావిడ. సాయంకాలం మెట్ల మీద కూర్చుంటే చుట్టూ పిల్లలు మూగేవారు. వాళ్లు 'అయ్యేయో' అని పిలిచేవారు. అంటే మన అమ్మమ్మ, నాయనమ్మ అన్నమాట. మా పిల్లలూ అదే పిలుపు పట్టుకున్నారు. వాళ్ల బంధువుల అబ్బాయి ఒకడు హైదరాబాద్‌లో చదువుకున్నాడట. టోలీచౌకి పేరు వాళ్ల నోట విని మేం ఎంత సంబరపడ్డామో చెప్పలేం! వాళ్లింట్లో వేసే 'అంజేరో' చూస్తే మన అట్టే గుర్తుకొస్తుంది. అన్నంలో అరటిపండు నంజుకుని తింటారు. పెరుగన్నంలో అరటిపండు కలుపుకునే మనకు అది వింతేమీ కాదు కదా! పొద్దుగూకితే ఇంట్లో సాంబ్రాణిలా ఘుమఘుమలాడే ధూపం వేస్తారు. ఇన్ని పోలికలు చూసి మురిసిపోయాం గానీ, అసలు పోలిక తర్వాత తెలిసింది.

షేకో షేకో... షేకో హరీర్!

ఒకరోజు మా చిన్నవాడు ఇంట్లోకి పరుగెత్తుకొచ్చి, "మన కథకి ఏమనాలి?" అని అడిగాడు. ఏమిటా అని ఆరా తీస్తే విషయం తెలిసింది. ఆ పెద్దావిడ కథ మొదలుపెట్టే ముందు "షేకో షేకో" అంటుంది. అంటే "కథ కథ" అని. పిల్లలందరూ ఒక్క గొంతుతో "షేకో హరీర్" అనాలి. హరీర్ అంటే పట్టు. పట్టులాంటి కథ అన్నమాట. పిల్లలు ఆ మాట అంటేనే కథ మొదలవుతుంది. ఇది ఆ ఒక్క ఇంటి అలవాటు కాదు, సోమాలీల దగ్గర కథ చెప్పే పద్ధతే అది.

మావాడి ప్రశ్నకు మేం ఒక్క క్షణం తడబడ్డాం. తర్వాత గుర్తొచ్చింది. మనకూ ఉంది కదా! "ఊ."

నిజమే, తెలుగింట్లో కథ చెప్పేవాళ్లకు ఊ కొట్టేవాళ్లు ఉండాలి. చీకట్లో పడుకుని వింటున్న పిల్లవాడు మేలుకున్నాడో లేదో చెప్పేది ఆ ఊకారమే. మా ఇంట్లో ఆ చప్పుడు ఆగిపోయి ఎన్నేళ్లయిందో అప్పుడు లెక్క చూసుకున్నాం. సిగ్గేసింది.

లిపి లేని రోజుల్లోనూ లోటు లేదు

ఆ తర్వాత సోమాలీల గురించి తెలుసుకుంటూ పోతే ఆశ్చర్యం మీద ఆశ్చర్యం. ఆ భాషకు అధికారిక లిపి వచ్చింది 1972లో. అంతకుముందు అరబ్బీ అక్షరాలతో రాసుకున్నవాళ్లున్నారు. 1920ల తొలినాళ్లలో ఉస్మాన్ యూసుఫ్ కెనదీద్ సొంతంగా ఒక లిపినే తయారుచేశాడు. ఏ లిపి కావాలన్న వాదోపవాదాలు ఏళ్ల తరబడి నడిచాయి. చివరికి రోమన్ అక్షరాలు ఖాయమయ్యాయి. 1974-75లో బళ్లు మూసి వేలాదిమంది విద్యార్థులను పల్లెలకూ, ఒంటెల మందలతో తిరిగే సంచార కుటుంబాల దగ్గరకూ పంపి మరీ చదువు చెప్పించారు.

అలాగని అంతకుముందు వాళ్లకు సాహిత్యం లేదనుకుంటే పొరపాటు. వాళ్ల సాహిత్యమంతా నోట్లోనే ఉంది. 'గబయ్' అని మగవాళ్లు చెప్పే గంభీరమైన పద్యం, 'బురాన్‌బుర్' అని ఆడవాళ్లు కట్టే పద్యం, లోతైన బావుల్లోంచి ఒంటెలకు నీళ్లు తోడేటప్పుడు పాడే పాటలు... ఇలా ఒక్కో పనికీ, ఒక్కో సందర్భానికీ ఒక్కో రకం. ఏ దేశంలో ఉన్నా సోమాలీల పెళ్లిలో ఆడవాళ్లు డప్పు దరువుకు బురాన్‌బుర్ అందుకోవడం నేటికీ చూడొచ్చు. బ్రిటిష్ వాళ్లను దాదాపు ఇరవై ఏళ్లు, 1920 దాకా ఎదిరించిన సయ్యద్ ముహమ్మద్ అబ్దుల్లా హసన్‌కు తుపాకీ ఎంతో పద్యమూ అంతే ఆయుధం. తెలంగాణ సాయుధ పోరాటంలో బుర్రకథ, గొల్లసుద్దులు ఏం చేశాయో తెలిసిన మనకు ఈ సంగతి వేరే చెప్పనక్కర్లేదు.

ఇక్కడ మన తెలుగువాళ్లు ముచ్చటపడే సంగతి ఇంకొకటుంది. సోమాలీ పద్యంలో మొదటి నుంచి చివరి దాకా ఒకే ధ్వని నడవాలి. 'ద'తో మొదలుపెడితే ప్రతి పాదంలోనూ 'ద'తో మొదలయ్యే మాట పడి తీరాలి. పద్యం వంద పాదాలున్నా సరే! మన యతిప్రాసలకు వరసకు అన్నదమ్ముల బిడ్డే అనుకోవచ్చు. ఇది సోకు కోసం పెట్టుకున్న నియమం మాత్రమే కాదు, జ్ఞాపకానికి కట్టిన గట్టు కూడా. ఒక మాట మరిచిపోతే ధ్వని దాన్ని గుర్తుచేస్తుంది. ఎవరైనా మాట మారిస్తే వినేవాళ్ల చెవికి ఇట్టే దొరికిపోతుంది.

పైగా వాళ్లలో పద్యం కట్టేవారు వేరు, కంఠతా పట్టి ఊరూరా వినిపించేవారు వేరు. వినిపించే మనిషి ముందుగా "ఇది ఫలానా వారి పద్యం" అని చెప్పాలి. మాట మార్చకూడదు, పేరు దాచకూడదు. కాగితం లేని చోట ఇంత కట్టుదిట్టం! పుస్తకాలున్న మనం ఎన్ని పేర్లు పోగొట్టుకున్నామో తలచుకుంటే మనసు చివుక్కుమంటుంది.

భూమిలో దాచిన పాటలు

ఆ తర్వాత క్యాసెట్ వచ్చింది. సోమాలీల పద్యానికి క్యాసెట్ రెక్కలు తొడిగింది. 1979-80లో గారియె అనే కవి 'ద' ధ్వని పట్టుకుని ఒక పద్యం వదిలితే, దానికి జవాబుగా పదుల సంఖ్యలో కవులు అదే ధ్వనితో పద్యాలు కట్టారు. 'దేలే' అన్న పేరుతో ఆ పద్యాల వరస ప్రసిద్ధికెక్కింది. ప్రభుత్వానికి నచ్చని మాటలు అందులో చాలానే ఉన్నాయి. అయినా ఒకరి నుంచి ఒకరికి క్యాసెట్లు చేతులు మారాయి. సమస్యాపూరణం అవధాన సభ దాటి దేశమంతా చుట్టబెడితే ఎలా ఉంటుందో ఊహించుకోండి.

క్యాసెట్ మాట వస్తే మన గల్ఫ్ పాతకాపులకు పాత రోజులు గుర్తుకు రాకమానవు. ఫోన్ నిమిషానికి ఇంతని భయపడే కాలంలో, ఊరికి పోయేవాళ్ల చేతికి మాటలు నింపిన క్యాసెట్ ఇచ్చి పంపినవాళ్లు మాలోనూ ఉన్నారు. ఆ క్యాసెట్లు ఇప్పుడెక్కడున్నాయని అడిగితే ఎవరి దగ్గరా జవాబు లేదు.

సోమాలీలు మాత్రం పోనివ్వలేదు. 1988లో హర్గేసా నగరం మీద సొంత ప్రభుత్వమే బాంబులు కురిపించింది. అప్పుడు రేడియో హర్గేసాలో పనిచేసేవాళ్లు పాటల టేపులను, రీళ్లను భూమిలో పాతిపెట్టి దాచారు. నగలు కాదు, నగదు కాదు, పాటలు! యుద్ధం సద్దుమణిగాక వాటిని బయటికి తీశారు. హర్గేసాలోని రెడ్ సీ సాంస్కృతిక సంస్థ వేలకొద్దీ క్యాసెట్లను భద్రపరిచింది. అలా మిగిలిన పాటల్లో కొన్నింటితో 2017లో వచ్చిన సంకలనం గ్రామీ అవార్డుకు నామినేట్ కావడం విశేషం.

1991లో కేంద్ర ప్రభుత్వమే కూలిపోయి లక్షలాదిమంది దేశం విడిచారు. కెన్యా, యెమెన్, గల్ఫ్, బ్రిటన్, స్వీడన్, కెనడా, అమెరికా... ఎక్కడికి పోయినా ముందు కడుపు, ఆ వెంటనే కథ. లండన్‌లో కయ్ద్ అనే సంస్థ 2009 నుంచి సోమాలీ వారోత్సవాలు నిర్వహిస్తూ కవులను, కథకులను ఒకచోట చేర్చింది. అమెరికాలోని మినెసోటా రాష్ట్రంలో సోమాలీ జానపద కథలను ఇటు సోమాలీలోనూ అటు ఇంగ్లిష్‌లోనూ పక్కపక్కన అచ్చువేసి పిల్లల పుస్తకాలుగా తెచ్చారు. చాంతాడంత చెవులతో ఎక్కడి అలికిడినైనా పసిగట్టి మనుషుల్ని తినే రాక్షసి దెగ్‌ధేర్, తన నీడకు తానే జడిసే పిరికి ఇగాల్ షిదాద్ అందులో ఉన్నారు. 2013లో మినియాపొలిస్‌లో ఏకంగా ఒక సోమాలీ మ్యూజియమే వెలిసింది.

కవి హద్రావి సంగతీ చెప్పుకోవాలి. సోమాలీలు నెత్తిన పెట్టుకున్న ఈ కవి పసితనంలోనే ఊరు విడిచి యెమెన్‌లోని ఏడెన్ రేవులో బాబాయి ఇంట పెరిగాడు. 'మాటల తండ్రి' అనే అర్థం వచ్చే ఆ పేరు ఏడెన్‌లోనే వచ్చిందట. 2022లో ఆయన కన్నుమూస్తే దేశదేశాల సోమాలీలు కన్నీరు పెట్టుకున్నారు. పరాయి రేవులో పెరిగిన పిల్లవాడు భాషకే పెద్దదిక్కయ్యాడు. గల్ఫ్‌లో పిల్లల్ని పెంచుతున్న మనకు ఇంతకంటే ధైర్యం చెప్పే మాట ఏముంటుంది?

మన ఇంటి సంగతేమిటి?

మనకూ లోటేం లేదు. సభలున్నాయి, సంఘాలున్నాయి. ఖతార్‌లో తెలుగు కళా సమితి, ఆంధ్ర కళా వేదిక, తెలంగాణ సంఘాలు ఉగాదికీ, బతుకమ్మకూ, సంక్రాంతికీ మనల్ని ఒకచోట చేరుస్తూనే ఉన్నాయి. 2024 నవంబరులో దోహాలో ప్రపంచ తెలుగు సాహితీ సదస్సు కూడా జరిగింది. ఆంధ్ర కళా వేదిక, అమెరికాలోని వంగూరి ఫౌండేషన్ చేయి చేయి కలిపి జరిపిన పండుగ అది. మన కథకుల ఘనతా తక్కువేం కాదు. బుర్రకథ నాజర్‌కు 1986లో పద్మశ్రీ వచ్చింది. ఒగ్గుకథ చుక్క సత్తయ్య డోలు దరువుల మధ్య మల్లన్న కథ అందుకుంటే, పక్కన వంత పాడేవాళ్లు ఊ అంటూ కథను ముందుకు తోసేవారు.

అయితే సభ ఏడాదికి ఒకటో రెండో. పిల్లవాడు నిద్రపోయేది రోజూ. చిక్కంతా అక్కడే ఉంది. మా పిల్లలు చదివే బడిలో తెలుగు లేదు. ఇంట్లో మేం తెలుగులో అడుగుతాం, వాళ్లు ఇంగ్లిష్‌లో జవాబిస్తారు. అర్థమవుతుంది, నోరు తిరగదు. లండన్‌లో, మినియాపొలిస్‌లో సోమాలీ తల్లిదండ్రులదీ ఇదే గోడు.

మాకు తగిలిన దెబ్బ ఇంకొకటుంది. నిజామాబాద్ జిల్లాలోని మా ఊళ్లో మా నాయనమ్మ ఉండేది. శుక్రవారం వీడియో కాల్‌లో మా పిల్లలకు కథ చెప్పబోయేది. పిల్లలు బొమ్మల్లా చూస్తూ కూర్చునేవారు. కాసేపు చెప్పి ఆపేసేది. "ఊ కొట్టెటోళ్లు లేకుంటే కత ముంగటికి వోదు బిడ్డా" అనేది. నెట్‌వర్క్ బాగాలేదని మేం ఫోన్ పెట్టేసేవాళ్లం. లోపం నెట్‌వర్క్‌లో లేదని తెలియడానికి పక్కింటి అయ్యేయో కావాల్సి వచ్చింది.

"మన కథకి ఊ అనాలి" అని పిల్లలకు నేర్పాక రెండు మూడు వారాలు బ్రహ్మాండంగా సాగింది. ఇక్కడినుంచి ఊ, అక్కడినుంచి కథ. ముసలామె గొంతులో ఎంత హుషారో! అంతలోనే ఆమె మంచాన పడింది. నెల తిరగకుండా పోయింది.

ఆమె చెప్పే కథల్లో చెరువు కథ ఒకటుండేది. వాన దంచి కొడుతున్న రాత్రి. చెరువు నిండి కట్ట తెగేలా ఉంటుంది. కావలి ఉన్న నీరటాయనకు గంగమ్మ ఎదురై, "దారి విడువు, నేను పోవాలె" అంటుంది. ఆయన చేతులు జోడించి, "తల్లీ, ఊళ్లె పెద్దలకు చెప్పొస్త. నేను తిరిగొచ్చేదాక కట్ట దాటనని మాటియ్యి" అంటాడు. గంగమ్మ సరేనని మాటిస్తుంది. ఆయన ఊళ్లోకి పరుగెత్తుతాడు... చిన్నప్పుడు కథ అక్కడికి వచ్చేసరికి మాకు నిద్ర పట్టేసేది. పెద్దయ్యాక అడగలేదు. మా పిల్లలకు చెప్పినప్పుడూ అక్కడిదాకానే వచ్చింది. తర్వాత ఏమైందని మావాడు అడిగితే ఇంటిల్లిపాదీ మొహాలు చూసుకున్నాం. ఫోన్ చేసి ఊళ్లో అడిగాం. "గా కత అవ్వకే ఎరుక" అన్నారు.

సోమాలీలు బాంబుల కింద టేపులు పాతి దాచుకున్నారు. మేం చేతిలో ఫోన్ పెట్టుకుని ఒక్క కథ దాచుకోలేకపోయాం.

చేయాల్సింది పెద్ద పనేం కాదు

ఇది ఒక్క మా ఇంటి బాధ కాదనే ధైర్యంతోనే ఇదంతా రాస్తున్నాం. దీనికి కమిటీలు అక్కర్లేదు, చందాలు అక్కర్లేదు. గురువారం రాత్రి పిల్లలకు మర్నాడు సెలవే కదా. అరగంట టీవీ కట్టేసి ఒక కథ. చెప్పేవాళ్లు చెప్పాలి, వినేవాళ్లు ఊ కొట్టాలి. పిల్లలకు తెలుగు చదవడం రాకపోయినా ఫర్వాలేదు. లిపి లేకుండా ఒక జాతి జాతే భాషను మోసుకొచ్చింది. మన పిల్లలు ఒక్క ఊ మోయలేరా?

ఊరి నుంచి విజిట్ వీసా మీద అమ్మమ్మలు, నాయనమ్మలు వచ్చినప్పుడు మాల్స్ తిప్పడంతో సరిపెట్టకండి. వాళ్ల కథలు ఫోన్‌లో రికార్డ్ చేయండి. సోమాలీల నుంచి నేర్చుకోవాల్సిన అసలు సంగతి ఇది: ముందు పేరు చెప్పించండి. ఎవరు చెప్పారు, ఏ ఊరు, వాళ్లు ఎవరి నోట విన్నారు. పేరు లేని కథ చిరునామా లేని ఉత్తరం లాంటిది.

ఇంకో మాట. ఇండస్ట్రియల్ ఏరియా మన ఐన్ ఖాలిద్‌కు ఎంతో దూరం లేదు. అక్కడి క్యాంపుల్లో కరీంనగర్, జగిత్యాల, నిజామాబాద్, కడప, కోనసీమల నుంచి వచ్చిన మనవాళ్లు ఎందరో. వాళ్లలో ఒగ్గుకథ వంత పాడినవాళ్లుంటారు, చిరుతల రామాయణంలో వేషం కట్టినవాళ్లుంటారు. డ్యూటీ హెల్మెట్ కింద ఏ కథ ఉందో మనం అడిగితే కదా తెలిసేది!

మేం అడిగాం. ఒక శుక్రవారం మధ్యాహ్నం భోజనానికి పిలిచిన వాళ్లలో జగిత్యాల వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయన ఉన్నాడు. గల్ఫ్‌కొచ్చి పద్దెనిమిదేళ్లు. మాటల్లో చెరువు కథ వచ్చింది. సగం చెప్పి మేం ఆగిపోయాం. ఆయన గ్లాసు కింద పెట్టి, "మా దిక్కు గూడ ఈ కత చెప్తరు సార్" అన్నాడు. పిల్లలు దగ్గరకు జరిగారు.

"తర్వాత ఏమైంది తాతా?"

"ఏమైతది బిడ్డా? గంగమ్మ మాటిచ్చింది గద, ఆయన తిరిగొచ్చేదాక కట్ట దాటనని. ఊళ్లెకొచ్చినంక ఆయనకు సమజైంది. తను తిరిగి పోతే కట్ట తెగుతది, ఊరు మునుగుతది. అందుకని ఇగ ఆ దిక్కు పోలే. పెండ్లాం పిల్లలకు గూడ చెప్పకుంట ఎటో నడిసిండు. మళ్ల రాలే. ఇయ్యాల్టికి గూడ గంగమ్మ ఆడ్నే ఉన్నది, ఆయన కోసం చూసుకుంట. చెరువు నిండుగ ఉన్నది."

గదిలో ఎవ్వరం మాట్లాడలేదు. ఆయన కిటికీ వైపు చూస్తున్నాడు. మా నాయనమ్మ కథకు ముగింపు ఇదేనో, వేరే ఏదో ఉండేదో మాకు తెలిసే దారి లేదు. ఫోన్‌లో మాత్రం ఆయన పేరుతో, ఊరి పేరుతో సహా ఈ కథ భద్రంగా ఉంది.

అంతసేపూ నోరు తెరుచుకుని వింటున్న మా చిన్నవాడికి అప్పుడు గుర్తొచ్చింది.

"ఊ" అన్నాడు.